100 వాట్ల బాక్సులకు ఎన్ని వాట్ల యాంప్లిఫైయర్?

ఇంట్లో పాటలు వినడానికో, సినిమాలు చూడటానికో మంచి సెట్ పెట్టుకుందామనుకునేవాళ్లు మొదట అడిగే ప్రశ్న ఇది. స్పీకర్ వెనక 100 వాట్లు అని రాసి ఉంది, యాంప్ ఎన్ని వాట్లది తీసుకోవాలి? హైదరాబాద్ కోఠీలోని గుజరాతీ గల్లీలో అడిగినా, యూట్యూబ్‌లో వెతికినా మూడు రకాల జవాబులు వస్తాయి. రెండూ సమానంగా ఉండాలని ఒకరంటారు. బాక్సు కాలిపోకుండా యాంప్ తక్కువ వాట్లది ఉండాలని ఇంకొకరంటారు. కాదు, రెట్టింపు ఉంటేనే బాక్సు క్షేమమని మూడో మాట. ఈ మూడు మాటలూ ఒకదానికొకటి పొసగవు. అయినా మూడింటికీ మూలం ఒకటే: స్పీకర్ మీది అంకెకీ యాంప్ మీది అంకెకీ జత కుదిర్చితే పని అయిపోతుందన్న నమ్మకం. ఆ రెండు అంకెలూ చెప్పే సంగతులు వేరు. లెక్క మొదలుపెట్టాల్సింది వాట్ల దగ్గర కాదు. కూర్చునే చోట ఎంత శబ్దం కావాలి, దాన్ని ఇవ్వడానికి ఆ స్పీకర్ ఎంత కరెంటు అడుగుతుంది అన్న దగ్గర మొదలుపెట్టాలి.

స్పీకర్ మీద రాసిన 100 వాట్లు దానికి కావలసిన పవర్ కాదు, అది తట్టుకోగల హద్దు. బావి తాడు 100 కిలోలు మోస్తుందంటే రోజూ 100 కిలోలు వేలాడదీయాలని అర్థం కాదు కదా. ఇళ్లలో వాడే మామూలు స్పీకర్ తనకు అందిన పవర్‌లో ఒక్క శాతాన్ని కూడా శబ్దంగా మార్చలేదు. మిగతా అంతా వాయిస్ కాయిల్‌లో, అంటే స్పీకర్ కోన్‌ను కదిపే తీగచుట్టలో, వేడి అయిపోతుంది. ఆ వేడికి కాయిల్ జిగురు కరగకుండా, వైరు తెగకుండా ఎంతవరకు ఆగుతుందో చెప్పేదే ఆ అంకె. దాన్ని కొలవడానికి సంగీతాన్ని పోలిన హోరును గంటల తరబడి వినిపిస్తారు. ఆ పరీక్షలో 100 వాట్లు తట్టుకున్న బాక్సునే ప్రోగ్రామ్ (హెచ్చుతగ్గులున్న సంగీతం) లెక్కలో 200 అనీ, పీక్ (క్షణకాలపు శిఖరం) లెక్కలో 400 అనీ రాసుకోవచ్చు. మూడూ ఒకే బాక్సువి. ఏ లెక్కో చెప్పకుండా పెద్ద అంకె ఒక్కటే రాసి ఉంటే, అది మూడో రకం అనుకోవడమే మంచిది.

యాంప్ రెట్టింపు ఉండాలన్న సూత్రం స్టేజీ సౌండ్ వాళ్ల దగ్గర నుంచి వచ్చింది. అక్కడ బాక్సులు గంటల తరబడి వాటి హద్దుకు దగ్గరగా మోగుతాయి. మిక్సర్ దగ్గర మనిషి ఉంటాడు, శబ్దం హద్దు దాటకుండా ఆపే లిమిటర్లు ఉంటాయి. డోలు దెబ్బ లాంటి హఠాత్ శబ్దం వచ్చినప్పుడు యాంప్ నోరు మూతపడకుండా అదనపు పవర్ ఉంచుకుంటారు. వాళ్ల పనికి అది సరైన సూత్రం. పన్నెండు అడుగుల వెడల్పు హాల్లో సోఫా మీద కూర్చుని వినేవాళ్లకు అదే సూత్రాన్ని అంటగట్టడంలో అర్థం లేదు.

ఒక వాటు ఎంత దూరం వెళ్తుంది

స్పీకర్ కాగితంలో అన్నిటికంటే విలువైన అంకె సెన్సిటివిటీ. 2.83 వోల్టులు ఇచ్చినప్పుడు ఒక మీటరు దూరంలో ఎన్ని డెసిబెల్స్ శబ్దం వస్తుందో అది చెబుతుంది. ఓమ్స్ అంటే కరెంటుకు స్పీకర్ చూపే నిరోధం. 8 ఓమ్స్ స్పీకర్‌కు 2.83 వోల్టులంటే సరిగ్గా ఒక వాటు. 4 ఓమ్స్‌దైతే రెండు వాట్లు. కాబట్టి 4 ఓమ్స్ స్పీకర్ సెన్సిటివిటీ చూసి మురిసిపోయే ముందు అందులోంచి మూడు తీసేసి చూడాలి.

డెసిబెల్ లెక్క గుణకారంలో నడుస్తుంది. పవర్ రెట్టింపు చేస్తే 3 డెసిబెల్స్ పెరుగుతాయి. చెవికి అది ‘కాస్త పెరిగింది’ అనిపించే తేడా మాత్రమే. శబ్దం రెట్టింపైనట్టు అనిపించాలంటే సుమారు 10 డెసిబెల్స్ కావాలి, అంటే పవర్ పది రెట్లు. 50 వాట్ల యాంప్ తీసేసి 100 వాట్లది పెట్టినవాళ్లకు ఆశించినంత తేడా కనిపించకపోవడానికి కారణం ఇదే. వాళ్ల చెవిలో లోపం లేదు, కొన్న వస్తువులోనూ లోపం లేదు.

ఒక మామూలు ఫ్లాట్ హాలు తీసుకుందాం. బుక్‌షెల్ఫ్ బాక్సులు, సెన్సిటివిటీ 86 డెసిబెల్స్, 8 ఓమ్స్, సోఫా మూడు మీటర్ల దూరంలో. ఒక వాటుకు ఒక మీటరు దగ్గర 86. ఆరుబయటైతే మూడు మీటర్లకు వచ్చేసరికి తొమ్మిదిన్నర డెసిబెల్స్ తగ్గేవి. గదిలో గోడలు, టైల్స్ నేల కొంత తిరిగి ఇస్తాయి కాబట్టి ఆరు తగ్గుతుందనుకోవచ్చు. రెండు బాక్సులు కలిసి మోగితే మూడు కలుస్తుంది. అంటే ఒక్కో బాక్సుకు ఒక్క వాటు ఇస్తే సోఫా దగ్గర దాదాపు 83 డెసిబెల్స్. ఎదురెదురుగా కూర్చుని మామూలుగా మాట్లాడుకునే మాట 60 దగ్గర ఉంటుంది. 83లో మాట్లాడాలంటే గొంతు పెంచక తప్పదు. అంత శబ్దం ఒక్క వాటుకే వచ్చేసింది.

చాలామంది శ్రద్ధగా పాట వినేటప్పుడు సగటు 75 దగ్గర పెట్టుకుంటారు. అది పైన వచ్చిన దానికంటే 8 తక్కువ. అంటే వాటులో ఆరో వంతు. ఈ మాట చెబితే చాలామంది నమ్మరు, కానీ ఇళ్లలో పాట మోగే సమయంలో ఎక్కువ భాగం యాంప్ ఇచ్చేది ఒక వాటు లోపే.

మరి 50, 100 వాట్లు ఎందుకు? సగటు వేరు, శిఖరం వేరు కాబట్టి. నాదస్వర కచేరీ రికార్డింగులో సన్నాయి ఒక మట్టంలో సాగుతుంటే డోలు దెబ్బ దానికంటే ఎంతో పైకి లేస్తుంది, సెకనులో చిన్న భాగం మాత్రమే ఉండి పోతుంది. మృదంగం మీద చాపు కూడా అంతే. జాగ్రత్తగా రికార్డు చేసిన సంగీతంలో సగటుకూ శిఖరానికీ మధ్య 15 నుంచి 20 డెసిబెల్స్ తేడా ఉంటుంది. ఇప్పటి సినిమా పాటల్లో ఆ తేడాను కంప్రెషన్‌తో 10 దరిదాపుల్లోకి నొక్కేసిన సందర్భాలు చాలా ఉంటాయి. సగటు 75 పెట్టుకుని 20 పైకి వెళ్లే శిఖరం కావాలంటే 95. ఒక వాటుకు వచ్చే 83 కంటే అది 12 ఎక్కువ, అంటే 16 వాట్లు. ఇక్కడికి 30, 40 వాట్ల నిజాయితీ గల యాంప్ చక్కగా సరిపోతుంది.

అదే మనిషి సినిమాను థియేటర్ మట్టంలో చూస్తానంటే కథ మారిపోతుంది. సినిమా మిక్సింగ్ ప్రమాణం ప్రకారం ఒక్కో తెర ఛానెల్ సగటు 85, శిఖరం 105. మన హాల్లో ఒక్క బాక్సుతో ఒక వాటుకు సోఫా దగ్గర వచ్చేది 80. మిగిలిన 25 డెసిబెల్స్‌కు 316 వాట్లు కావాలి. 75 వినేవాడికి 16, థియేటర్ మట్టం కోరేవాడికి 316. గది అదే, బాక్సు అదే. ఈ తేడా తెలియకుండా ఎన్ని వాట్లు కావాలన్న ప్రశ్నకు ఎవరూ సరైన జవాబు చెప్పలేరు. ఆ బాక్సు 316 వాట్లు తట్టుకోదన్నది ఇంకో సంగతి. అపార్ట్‌మెంట్లో ఆ మట్టానికి పక్కింటివాళ్లు ఒప్పుకోరు కూడా. మన దేశంలో 2000 నాటి శబ్ద కాలుష్య నిబంధనలు నివాస ప్రాంతాలకు పగలు 55, రాత్రి పది దాటాక 45 డెసిబెల్స్ పరిమితి పెట్టాయి.

పై లెక్కలో ఏ అంకెను మార్చడం చవక? పవర్‌ను నాలుగు రెట్లు చేస్తే వచ్చేది 6 డెసిబెల్స్. 86 బాక్సుకు బదులు 92 బాక్సు కొన్నా వచ్చేది అదే 6. మన ఊళ్లలో మైక్ సెట్ పనిచేసింది ఈ సూత్రం మీదే. గుడి మీద కట్టిన హారన్ సెన్సిటివిటీ 100 డెసిబెల్స్ దాటి ఉంటుంది. అందుకే చిన్న అహుజా యాంప్‌తోనే సుప్రభాతం ఊరి చివరి పొలం దాకా వినిపించేది. బేస్ ఉండదు, ట్రెబుల్ కూడా అంతంతే, కానీ గొంతు మాత్రం దూరం వెళ్తుంది. ఇంట్లో వాడే స్పీకర్లలోనూ అంత సెన్సిటివిటీ ఉన్నవి ఉన్నాయి. 1946 నుంచి తయారవుతున్న క్లిప్ష్‌హార్న్ అనే మూలన పెట్టే పెద్ద స్పీకర్ సెన్సిటివిటీ కంపెనీ లెక్కలో 105. 2012లో వచ్చిన కెఫ్ ఎల్ఎస్50 అనే చిన్న బాక్సుది 85. తేడా 20, అంటే పవర్‌లో వంద రెట్లు. మొదటిదానికి ఒక వాటు చాలిన చోట రెండోదానికి వంద కావాలి. అలాగని రెండోది చెడ్డదని కాదు, చిన్న బాక్సులోంచి లోతైన బేస్ కావాలంటే సెన్సిటివిటీ వదులుకోక తప్పదు. చిన్న సైజు, లోతైన బేస్, ఎక్కువ సెన్సిటివిటీ: ఈ మూడూ ఒకే బాక్సులో ఇవ్వడం ఎవరివల్లా కాదు. ఇస్తున్నామని రాసిన కాగితాన్ని అనుమానంగానే చూడాలి.

యాంప్ మీది అంకెలో ఎంత నిజం

1990లలో టేప్ రికార్డర్లు, టూ ఇన్ వన్‌లు కొన్నవాళ్లకు పీఎంపీఓ అనే పవర్ అంకె గుర్తుండే ఉంటుంది. అరచేతిలో పట్టే స్పీకర్ల మీద 1000 వాట్లు, 2000 వాట్లు అని మెరిసే స్టిక్కర్లు. దానికి ఒప్పుకున్న కొలత పద్ధతంటూ ఏదీ లేదు, ఎవరికి తోచింది వాళ్లు రాసుకున్నారు. అమెరికాలో ఇలాంటి పోటీ అంతకంటే ముందే ముదిరితే 1974లో అక్కడి ఫెడరల్ ట్రేడ్ కమిషన్ యాంప్ పవర్ ఎలా ప్రకటించాలో నియమం పెట్టింది. 2024లో దాన్ని ఇంకా బిగించింది. 8 ఓమ్స్ లోడు మీద, 20 నుంచి 20,000 హెర్ట్జ్ దాకా, డిస్టార్షన్ (శబ్దం వికారం కావడం) ఒక శాతం లోపు ఎన్ని వాట్లు వస్తాయో చెప్పాలన్నది దాని సారం. మన దగ్గర యాంప్ కొనేవాళ్లు కూడా ఈ మూడు షరతులు పక్కన రాసి ఉన్న అంకెనే లెక్కలోకి తీసుకోవాలి.

షరతులు మారిస్తే అంకె ఎంత మారుతుందో ఏవీ రిసీవర్ల (టీవీకి కలిపే, ఎన్నో ఛానెళ్ల యాంప్‌ల) కాగితాల్లో తేటగా కనిపిస్తుంది. అట్ట మీద పెద్దగా 150 వాట్లు. కింద చిన్న అక్షరాల్లో 6 ఓమ్స్, 1 కిలోహెర్ట్జ్, 10 శాతం డిస్టార్షన్, ఒక ఛానెల్ మాత్రమే. 10 శాతం దగ్గరంటే అప్పటికే సౌండ్ పగులుతున్నట్టు. ఆ ఒక్క సడలింపుకే అంకె పాతిక శాతం దాకా ఉబ్బుతుంది. అదే రిసీవర్ రెండు ఛానెళ్లు కలిపి, 8 ఓమ్స్ మీద, పూర్తి శ్రేణిలో నడిస్తే 80, 90 దగ్గర ఆగడం మామూలే. ఐదు ఛానెళ్లూ ఒకేసారి లాగితే ఇంకా తగ్గుతుంది, ఎందుకంటే లోపల ట్రాన్స్‌ఫార్మర్ ఒక్కటే.

అసలు విషయమంతా ఆ ట్రాన్స్‌ఫార్మర్‌లోనే ఉంది. అసెంబుల్డ్ సెట్లు కట్టేవాళ్లకు 12-0-12, 24-0-24 అన్న మాటలు రోజూ నోట్లో నానేవే. మధ్య తీగకు రెండు వైపులా 12 వోల్టులు ఇచ్చే 12-0-12 ట్రాన్స్‌ఫార్మర్‌ను డయోడ్లు, కెపాసిటర్ల గుండా పంపితే రెండు వైపులా 16 వోల్టుల చొప్పున వస్తుంది. ఐసీ (యాంప్ చిప్) తన వాటాగా కొంత ఉంచుకోగా శిఖరానికి 14 మిగులుతుంది, ఆర్ఎంఎస్‌లో (పవర్ లెక్కకు వాడే సగటు లాంటి విలువలో) 10 వోల్టులు. పదిని పదితో గుణించి 8తో భాగిస్తే పన్నెండున్నర వాట్లు. 4 ఓమ్స్ బాక్సు కడితే 25. బోర్డు మీద 200 వాట్లని అచ్చు వేసినా, అందులో పెట్టిన ఐసీ ఎంత పెద్దదైనా ఈ సప్లై మీద అంతకు మించి రాదు. 24-0-24 పెడితే ఇదే లెక్క 8 ఓమ్స్‌కి 55, 4 ఓమ్స్‌కి 110 దగ్గరకు వస్తుంది. మన ఊళ్లలో ఎన్నో ఇళ్లలో మోగిన ఎల్ఏ4440 ఐసీ 13.2 వోల్టుల మీద స్టీరియోలో ఛానెల్‌కు 6 వాట్లది, రెండు ఛానెళ్లనూ ఒకటిగా బ్రిడ్జ్ చేస్తే 19 వాట్లది. ఆ 19 వాట్లతోనే పెద్ద ఊఫర్లు కట్టి పండగలు చేసుకున్న వీధులున్నాయి. నిజమైన 19 వాట్లు ఎంత పెద్దవో దీన్నిబట్టి తెలుస్తుంది.

ఇప్పుడు అరచేతిలో పట్టే క్లాస్ డి (ట్రాన్సిస్టర్లను స్విచ్చుల్లా వాడే) యాంప్‌లు వచ్చాయి. వాటిలో చాలావాటికి గుండె టెక్సాస్ ఇన్‌స్ట్రుమెంట్స్ వారి టీపీఏ3255 చిప్. చిప్ కాగితంలో 4 ఓమ్స్‌కి 315 వాట్లు ఉంటుంది, అదే అంకె తెచ్చి అట్ట మీద 300 అని వేస్తారు. కానీ ఆ కొలత 50 వోల్టులు దాటిన సప్లై మీద, 10 శాతం డిస్టార్షన్ దగ్గర తీసింది. డబ్బాలో వచ్చిన అడాప్టర్ 32 వోల్టులు, 5 ఆంపియర్లదైతే అది ఇవ్వగలిగింది మొత్తం 160 వాట్లే. రెండు ఛానెళ్లకు 300 చొప్పున 600 ఎక్కడి నుంచి వస్తాయి? 32 వోల్టుల మీద 8 ఓమ్స్ బాక్సుకు 55 వాట్లు వస్తాయి, అంతే. అయితే ఒక మాట చెప్పాలి: సంగీతానికి సగటు చాలా తక్కువ కాబట్టి ఆ అడాప్టర్‌తోనూ ఇలాంటి యాంప్ ఇంట్లో హాయిగా మోగుతుంది. పేచీ అంకెతోనే, వస్తువుతో కాదు. కొనేముందు అడాప్టర్ మీది వోల్టులను, ఆంపియర్లను గుణించి చూసుకోవడానికి అర నిమిషం చాలు.

ఓమ్స్ సంగతి

8 ఓమ్స్ అని రాసి ఉన్న స్పీకర్ అన్ని చోట్లా 8 ఓమ్స్‌గా ఉండదు. ఒక స్వరం దగ్గర 30 ఉండవచ్చు, ఇంకో స్వరం దగ్గర 5కి దిగవచ్చు. అంతర్జాతీయ ప్రమాణం ప్రకారం రాసిన అంకెలో 80 శాతం కంటే కిందికి పోకూడదు, అంటే 8 ఓమ్స్‌దైతే 6.4 దగ్గర ఆగాలి. ఆచరణలో కంపెనీలు దీన్ని అంతగా పట్టించుకోవు. పైన చెప్పుకున్న ఎల్ఎస్50నే చూడండి. నామినల్ 8 ఓమ్స్ అని రాసి పక్కనే కనిష్ఠం 3.2 అని కంపెనీయే ఇచ్చింది. దాచకుండా ఇచ్చినందుకు మెచ్చుకోవాలి. యాంప్ 20 వోల్టులు పంపుతున్నప్పుడు 8 ఓమ్స్ దగ్గర రెండున్నర ఆంపియర్లు లాగే బాక్సు, 3.2 దగ్గర ఆరుకు పైగా లాగుతుంది. బలహీనమైన యాంప్ అక్కడ చేతులెత్తేస్తుంది. వేడెక్కుతుంది, ప్రొటెక్షన్‌లోకి వెళ్లి ఆగిపోతుంది, లేదా శబ్దం పగులుతుంది.

అందుకే యాంప్ కాగితంలో 8 ఓమ్స్ అంకె ఒక్కటే చూస్తే సరిపోదు, దాని పక్కన 4 ఓమ్స్ అంకె కూడా చూడాలి. 8కి 50 ఇచ్చి 4కి 80, 90 ఇవ్వగల యాంప్ దగ్గర కరెంటు నిల్వ ఉన్నట్టు. 8కి 100 అని రాసి 4 ఓమ్స్ ఊసే ఎత్తనిది, లేదా 6 ఓమ్స్ కంటే తక్కువ కట్టవద్దని వెనక హెచ్చరించేది, వాట్లు ఎక్కువ ఉన్నా కష్టమైన బాక్సుకు పనికిరాకపోవచ్చు. ఈ రెండింటిలో మొదటిదే కొనదగింది.

ఇళ్లలో తరచూ జరిగే ఇంకో పొరపాటు, ఉన్న రెండు బాక్సులకు తోడు పాతవి రెండు తెచ్చి అవే టెర్మినళ్లకు కలిపేయడం. ఒకే ఛానెల్‌కు 8 ఓమ్స్ రెండు పక్కపక్కన కలిస్తే 4, అదే ఛానెల్‌కు ఇంకో రెండు కలిస్తే 2. ఇళ్లలో వాడే చాలా యాంప్‌లకు ఆ 2 మోయలేని భారం.

బాక్సు ఎలా కాలుతుంది

చిన్న యాంప్ పెడితే ట్వీటర్ (బాక్సులో హై స్వరాలు పలికే చిన్న స్పీకర్) కాలిపోతుందన్న మాట సగం నిజం, అందుకే అది అంత గట్టిగా నిలబడింది. 10 వాట్ల యాంప్ మామూలు మట్టంలో మోగినంతకాలం ఏ బాక్సుకూ హాని చేయదు. హాని దాన్ని దాని శక్తికి మించి తోసినప్పుడు మొదలవుతుంది. 50 వాట్ల యాంప్ శిఖరం 28 వోల్టులు. బేస్ గట్టిగా ఉన్న పాటలో డ్రమ్ము దెబ్బలు ఆ 28ని అప్పటికే తాకుతున్నాయనుకుందాం. పార్టీలో ఎవరో వచ్చి వాల్యూమ్ ఇంకో 6 డెసిబెల్స్ పెంచారు. బేస్ పెరగడానికి చోటు లేదు, 28 దగ్గర అడ్డంగా కోసుకుపోతుంది, దీన్నే క్లిప్పింగ్ అంటారు. కానీ బేస్‌తో పోలిస్తే చిన్నగా ఉన్న గొంతు, తాళాలు, సింబల్స్ మాత్రం ఎంచక్కా రెట్టింపు వోల్టులకు పెరుగుతాయి. వోల్టు రెట్టింపైతే పవర్ నాలుగు రెట్లు. అంటే ఊఫర్‌కు పోయేది అంతే ఉండగా ట్వీటర్‌కు పోయేది నాలుగు రెట్లైంది. కోసుకుపోయిన బేస్ నుంచి పుట్టే కొత్త హై స్వరాలు దానికి అదనం. 100 వాట్లని రాసి ఉన్న బాక్సులో సన్నని వైరు చుట్టిన ట్వీటర్ కాయిల్ ఒంటిగా కొన్ని వాట్లకు మించి ఎక్కువసేపు భరించలేదు. ఆ 100 అన్నది సంగీతంలో హై స్వరాల వాటా తక్కువ ఉంటుందన్న నమ్మకం మీద రాసిన అంకె. ఆ నమ్మకాన్ని క్లిప్పింగ్ తలకిందులు చేస్తుంది.

అదే పార్టీలో 200 వాట్ల యాంప్ ఉంటే బాక్సు బతికేదా? అదీ కచ్చితం కాదు. క్లిప్పింగ్ లేకుండానే 200 వాట్ల శుభ్రమైన పవర్ ఊఫర్ కాయిల్‌ను కాల్చగలదు. కాబట్టి కాపాడేది చిన్న యాంపూ కాదు, పెద్ద యాంపూ కాదు. సౌండ్ పగలడం మొదలవగానే, గొంతు గీరుకుపోయినట్టు అనిపించగానే వాల్యూమ్ తగ్గించే చెయ్యి. బాక్సు కంటే రెట్టింపు వాట్ల యాంప్‌ను ఏళ్ల తరబడి క్షేమంగా వాడేవాళ్లున్నారు. పావు వంతు వాట్ల యాంప్‌తో ఒక్క రాత్రిలో ట్వీటర్లు పోగొట్టుకునేవాళ్లూ ఉన్నారు.

వేడి కంటే ముందే ఊఫర్‌ను దెబ్బ తీసేది కదలిక. ఒకే శబ్ద మట్టానికి స్వరం ఒక స్థాయి కిందికి దిగిన (హెర్ట్జ్ సగమైన) ప్రతిసారీ కోన్ నాలుగు రెట్లు ఎక్కువ దూరం కదలాలి. 80 హెర్ట్జ్ దగ్గర అర మిల్లీమీటరు కదిలేది 40 దగ్గర 2, 20 దగ్గర 8 మిల్లీమీటర్లు కదలాల్సి వస్తుంది. ఐదంగుళాల ఊఫర్‌కు అంత చోటు ఉండదు. పోర్టు (గాలి రంధ్రం) ఉన్న బాక్సులో, ఆ పోర్టు ట్యూనింగ్‌కు కిందికి వెళ్తే కోన్‌ను పట్టి ఉంచే గాలి కూడా ఉండదు. సినిమాలో పేలుడు వచ్చినప్పుడు టక్కుమన్న చప్పుడు వినిపిస్తే కాయిల్ వెనక ప్లేటుకు కొట్టుకున్నట్టే. దీనికి వాట్లతో పని లేదు, 20 వాట్లకే జరగవచ్చు.

అందుకే సినిమాలు చూసే ఇంట్లో డబ్బు పెట్టాల్సింది పెద్ద యాంప్ మీద కాదు, సొంత యాంప్ ఉన్న సబ్‌ఊఫర్ మీద. రిసీవర్‌లో క్రాస్ఓవర్ (స్వరాలను పంచే హద్దు) 80 హెర్ట్జ్ దగ్గర పెడితే ఆ కింది భారమంతా సబ్ మోస్తుంది. చిన్న బాక్సుల కోన్‌లు ఊపిరి పీల్చుకుంటాయి, రిసీవర్ ట్రాన్స్‌ఫార్మర్‌కూ వెసులుబాటు దొరుకుతుంది. ముందే ఉన్న 50 వాట్లు అప్పుడు ఎంతో ఎక్కువగా పనిచేస్తాయి.

పవర్ పెంచుకుంటూ పోతే ఇంకో నష్టం కూడా ఉంది, అది అంతగా ఎవరూ చెప్పరు. రాగి వేడెక్కితే ప్రతి డిగ్రీకి దాని నిరోధం 0.39 శాతం చొప్పున పెరుగుతుంది. కాయిల్ 200 డిగ్రీలు వేడెక్కిందంటే నిరోధం దాదాపు 80 శాతం పెరిగినట్టు. అదే వోల్టులకు కరెంటు తక్కువ పోతుంది, శబ్దం తగ్గుతుంది. వాట్లు రెట్టింపు చేసి సంపాదించిన 3 డెసిబెల్స్‌లో పెద్ద వాటా అలా వేడిలోనే కరిగిపోతుంది.

వైరు గురించి రెండు మాటలు చాలు. ఒక చదరపు మిల్లీమీటరు రాగి వైరు ఐదు మీటర్ల దూరానికి రానూపోనూ 0.17 ఓమ్. 8 ఓమ్స్ బాక్సుకు అది లెక్కలోకి రాదు, 4 ఓమ్స్‌కి కాస్త వస్తుంది. ఎలక్ట్రికల్ షాపులో దొరికే ఒకటిన్నర లేదా రెండున్నర చదరపు మిల్లీమీటర్ల రాగి వైరు ఏ ఇంటికైనా సరిపోతుంది. ఇక వాల్యూమ్ నాబ్ సగంలో ఉంది కాబట్టి ఇంకా సగం పవర్ మిగిలి ఉందనుకోకూడదు. ఫోన్‌కు తగిలించే డ్యాక్ (డిజిటల్ పాటను సిగ్నల్‌గా మార్చే పరికరం) నుంచో సీడీ ప్లేయర్ నుంచో 2 వోల్టుల సిగ్నల్ వస్తుంటే, చాలా యాంప్‌లు నాబ్ సగం దాటకముందే పూర్తి పవర్‌కు చేరుకుంటాయి.

ఇంట్లో ఇప్పటికే ఏదో ఒక యాంప్ ఉంటే ఎంత పవర్ కావాలో ఊహించాల్సిన పని లేదు, కొలవవచ్చు. మామూలు మల్టీమీటరు చాలు. ముందు ఇష్టమైన పాటను ఇక ఇంతకంటే పెంచను అనిపించేంత వాల్యూమ్‌లో విని, నాబ్‌ను అక్కడే వదిలేయాలి. యాంప్ ఆపి బాక్సుల వైర్లు తీసేయాలి. వాల్వ్ (గాజు గొట్టాల) యాంప్‌లకు ఇలా చేయకూడదు, బాక్సు లేకుండా అవి పాడవుతాయి. ఇప్పుడు అదే ప్లేయర్‌లో, గరిష్ఠం కంటే 12 డెసిబెల్స్ తక్కువ మట్టంలో ఉన్న 100 హెర్ట్జ్ టెస్ట్ టోన్ పెట్టి, ఒక ఛానెల్ ప్లస్, మైనస్‌ల మధ్య ఏసీ వోల్టులు చూడాలి. 12 డెసిబెల్స్ అంటే నాలుగో వంతు వోల్టులు కాబట్టి వచ్చిన అంకెను నాలుగుతో గుణిస్తే, ఆ నాబ్ దగ్గర పాటలోని అత్యధిక శిఖరానికి కావలసిన వోల్టులు తెలుస్తాయి. మీటరులో రెండున్నర కనిపిస్తే 10 వోల్టులు. 8 ఓమ్స్ బాక్సుకు పన్నెండున్నర వాట్లు, 4 ఓమ్స్‌దానికి 25. దాని మీద 3 డెసిబెల్స్ చోటు వదిలి రెట్టింపు తీసుకున్నా 25, 50 దగ్గర ఆగుతుంది. ఈ కొలత చేసినవాళ్లలో చాలామందికి ఇంతే వస్తుంది, ఉన్న యాంప్ మార్చాల్సిన పనే పడదు. అదే 40 వోల్టులు వస్తే 8 ఓమ్స్‌కి 200 వాట్లు కావాలన్నమాట. అప్పుడు కూడా యాంప్ షాపుకు వెళ్లేముందు బాక్సు మార్చే సంగతి చూడటం మేలు: 85 డెసిబెల్స్‌ది తీసి 91ది పెడితే అదే శబ్దానికి 50 వాట్లు చాలు.